స్నానపు వేడినీళ్ళకు ప్లంబరు ఇచ్చిన అంచనా న్యాయమైనదేనా?

చలికాలము దగ్గర పడినపుడెల్ల మన సభ్యులలో ఒక ప్రశ్న తిరుగుచుండును. మేడమీద సోలారు హీటరు పెట్టించి రెండు స్నానపు గదులకు వేడినీళ్ళ గొట్టము దింపుటకు ప్లంబరు ఇంత అడుగుచున్నాడు, ఇది న్యాయమేనా, లేక మనలను తెలియనివారిగా చూచి ఎక్కువ వేసినాడా, అని. ఇంగ్లండు మొదలైన చలిదేశములలో ఇల్లంతటిని వెచ్చగా ఉంచుటకు గోడల వెంట వేడినీళ్ళ గొట్టములు త్రిప్పుదురు. అక్కడి గృహస్థులను కూడ ఇదే ప్రశ్న బాధించుచుండును. బెంగుళూరు, సేలం, సోలాపురం, బరంపురం వంటి ఊళ్ళలో స్థిరపడిన మనకు ఇల్లు కాచుకొను అవసరము లేదు. తెల్లవారుజామున స్నానమునకు వేడినీళ్ళు ఉన్న చాలును. అయినను ఆ మాత్రపు పనికే నేతపని చేయు కుటుంబములో కొన్ని నెలల మిగులు ఖర్చగును. కర్ణాటకలో ప్రభుత్వము 2007 లో కొన్ని తరగతుల క్రొత్త కట్టడములకు సోలారు హీటరును తప్పనిసరి చేసినందున, వద్దనుకొన్నవారికి కూడ ఈ ఖర్చు తప్పుట లేదు. కనుక ఈ విషయమును కొంచెము విపులముగా వ్రాయుచున్నాము.

మొత్తము అంకె ఒక్కటి చూచి న్యాయాన్యాయములు చెప్పుట ఎవరి తరము కాదు. చీర ఎంత అని అడిగినవానికి మనము ఏమి చెప్పుదుము? నూలు ఎన్నవ నంబరు, జరీ అసలుదా నకిలీదా, అంచు ఎంత వెడల్పు, కొంగు ఎంత పొడవు, ఇవి తేలిన తరువాతనే కదా ధర. అంగడిలో నాలుగు వేలకు ఇంతకంటె మంచి చీర దొరకుచున్నదని బేరమాడువాడు వచ్చినపుడు మనకు ఎంత కష్టముగా నుండునో మనకు తెలియును. ఆ చీర మరమగ్గము మీదిదని వానికి తెలియదు. ప్లంబరు అంచనా పట్టుకొని "పక్కవీధిలో ఇంతకంటె తక్కువకు చేసినారు" అని మనము అనునపుడు, మనము కూడ ఆ బేరగాని స్థానములోనే నిలుచుచున్నాము. ప్రక్కవీధిలో ఏ గొట్టము వేసిరో, ఎన్ని అడుగులు వేసిరో మనకు తెలియదు.

ముందు నీళ్ళ లెక్క

అంచనా న్యాయమైనదా అని అడుగుటకు ముందు, అంత పెద్ద పని మనకు కావలెనా అని అడుగవలెను. చాలచోట్ల అన్యాయము ధరలో ఉండదు, పరిమాణములో ఉండును. అయిదుగురున్న ఇంటికి రెండువందల లీటర్ల హీటరు లేనిదే చాలదని అమ్మువారు చెప్పుచుందురు. లెక్క వేసి చూతము.

ఒకరు రెండు బకెట్లు, అనగా నలుబది లీటర్లు పోసికొందురనుకొందము. స్నానమునకు నీరు 40 డిగ్రీల వేడి ఉన్న చాలును. అంతకు మించిన ఒళ్ళు కాలును. హీటరు తొట్టిలో నీరు 60 డిగ్రీలు, చలికాలపు చన్నీళ్ళు 20 డిగ్రీలు అనుకొనినచో, రెండును సమపాళ్ళలో కలిపిన 40 డిగ్రీలు వచ్చును. అనగా ఒక్కొక్కరికి కావలసిన వేడినీళ్ళు ఇరువది లీటర్లే. అయిదుగురికి నూరు లీటర్లు. బకెటుతో స్నానము చేయు ఇంటికి నూరు లీటర్ల హీటరు సరిపోవును. పైనుండి జల్లు క్రింద చాలసేపు నిలుచు అలవాటున్న పిల్లలు ఉన్నచో లెక్క మారును. పెళ్ళిళ్ళకు పండుగలకు చుట్టములు వచ్చు నాలుగు రోజులను చూచి హీటరు కొనుట మాత్రము తగదు. ఆ నాలుగు రోజులు పొయ్యి మీద కాచుకొనవచ్చును.

రెండవ లెక్క, దీనివలన మిగులునదెంత అని. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయుటకు ఒక కిలోకేలరీ పట్టును. కరెంటు యూనిటు ఒకటి 860 కిలోకేలరీల వేడి ఇచ్చును. నూరు లీటర్లను 20 నుండి 60 డిగ్రీలకు తెచ్చుటకు 4,000 కిలోకేలరీలు, అనగా సుమారు 4.65 యూనిట్లు. యూనిటు ఏడు రూపాయలు అనుకొనినచో దినమునకు ముప్పదిరెండు రూపాయల పైచిలుకు. ఏడాదిలో 250 రోజులు మంచి ఎండ ఉండి, ప్రతిదినము నూరు లీటర్లు పూర్తిగా వాడుకొన్న ఇంటికి ఎనిమిదివేల రూపాయలు మిగులును. ముగ్గురే ఉండి సగమే వాడు ఇంటికి నాలుగువేలు. నలువది వేల రూపాయల అంచనా మొదటి ఇంటికి అయిదేండ్లలో తీరును, రెండవ ఇంటికి పదేండ్లు పట్టును. ప్లంబరు న్యాయముగా అడిగినను రెండవ ఇంటివారు ఒకసారి ఆలోచించుకొనవలెను.

వారికి పదిహేను లీటర్ల చిన్న గీజరు చాలవచ్చును. రెండు కిలోవాట్ల గీజరులో పదిహేను లీటర్లు 20 నుండి 60 డిగ్రీలకు రావలెనన్న ఇరువది ఒక్క నిమిషము పట్టును, ఖర్చు ముప్పావు యూనిటుకు కొంచెము లోపు. దీనికి ప్లంబరు పని స్వల్పము. కాని ఎర్తు సరిగా ఉన్న పదహారు ఆంపియర్ల సాకెట్టు, లీకేజి వచ్చిన వెంటనే కరెంటు ఆపు స్విచ్చి ఉండవలెను. ఎలక్ట్రీషియను ఖర్చు అంచనాలో చేరినదా లేదా అని అడుగుట మరువరాదు.

పట్టు నూలు ఉడుకబెట్టి జిగురు తీయు అద్దకపు ఇండ్లవారికి ఇచ్చట ఒక మాట. 20 డిగ్రీల నీటిని 95 కు తెచ్చుటకు 75 డిగ్రీలు ఎక్కవలెను; సోలారు తొట్టి నుండి 60 డిగ్రీల నీరు తీసికొన్నచో ఎక్కవలసినవి 35 మాత్రమే. నీళ్ళు కాగువరకు పట్టు కట్టెలలోనో గ్యాసులోనో సగము పైగా మిగులును. అయితే అద్దకమునకు వేరు తొట్టి పెట్టించుకొనవలెనే గాని, ఇంటి స్నానపు తొట్టి నుండి పంచుకొనుట కలహమునకు దారితీయును.

రెండు అంచనాలను ప్రక్కప్రక్కన పెట్టి చూచుట

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. నూరు లీటర్ల హీటరు, మేడమీది నుండి క్రింది రెండు స్నానపు గదులకు అరువది అడుగుల వేడినీళ్ళ గొట్టము. ఇద్దరు ప్లంబర్లను పిలిచితిమి అనుకొందము. ఈ అంకెలు లెక్క కొరకు వేసినవే. మీ ఊరి ధరలు మీరు విచారించుకొనవలెను.

మొదటివాడు ఒక చీటీ మీద "హీటరు, బిగింపు అంతా కలిపి 34,000" అని ఒక్క పంక్తి వ్రాసి ఇచ్చినాడు. రెండవవాడు 43,500 అని వ్రాసినాడు, కాని విడివిడిగా: హీటరు 22,000, దాని క్రింద సిమెంటు దిమ్మెలు, స్టాండు బిగింపు 3,000, చన్నీళ్ళ గొట్టము 2,500, వేడినీళ్ళ గొట్టము, మలుపులు, అతుకులు 4,500, గొట్టము మీద తొడుగు 1,500, వాల్వులు 1,500, గోడ తొలిచినచోట మరల పూయించుట 2,500, ఇద్దరి కూలి మూడు దినములకు 6,000.

చూచినవెంటనే రెండవవాడు తొమ్మిదివేల అయిదువందలు ఎక్కువ అడిగినట్లు కనబడును. మన ఇండ్లలో నూటికి తొంబదిమంది మొదటి చీటీనే తీసికొందురు. కాని మొదటివానిని కూర్చుండబెట్టి, "మేస్త్రీగారూ, దిమ్మెలు మీరే కట్టింతురా? గోడ పూత ఎవరిది? గొట్టమునకు తొడుగు వేయుదురా?" అని మర్యాదగా అడిగినపుడు, దిమ్మెలు మీ తాపీమేస్త్రీ చూచుకొనవలెను, పూత మీది, తొడుగు ఎవరును వేయించుకొనరండీ అని చెప్పును. ఈ మూడింటికే ఏడువేలు. 34,000 కాస్త 41,000 అయినది. తేడా రెండువేల అయిదువందలకు దిగినది. ఆ మిగిలిన తేడాలో ఏమున్నదో గొట్టము రంగు చూచిన తెలియును.

తెల్లని యూపీవీసీ గొట్టము చన్నీళ్ళకు మంచిదే. వేడినీళ్ళకు అది పనికిరాదు. 60 డిగ్రీల దగ్గర మెత్తబడి, అతుకులు వదలి, గోడ లోపల కారుట మొదలిడును. వేడినీళ్ళకు వేయవలసినది సీపీవీసీ. అది లేత పసుపు కలిసిన మీగడ రంగులో ఉండును, దాని ఒంటిమీద 15778 అను భారతీయ ప్రమాణ సంఖ్య అచ్చువేసియుండును. ఇనుప గొట్టమే కావలెనన్నవారు దాని చుట్టునున్న రంగు పట్టీ చూడవలెను: పసుపు పలుచనిది, నీలము నడితరము, ఎరుపు మందమైనది. అంచనాలో "జీఐ పైపు" అని మాత్రము వ్రాసి పసుపు పట్టీది తెచ్చినచో తగవాడుటకు మనకు ఆధారముండదు. "నీలము పట్టీ" అని వ్రాయించుకొన్న ఆ చిక్కు లేదు. నూలు కొనునపుడు మనము నంబరు చూడక కొనుచున్నామా?

గొట్టము లావు విషయమున ఒక భ్రమ కలదు. లావైన గొట్టము వేయించిన ధారాళముగా వచ్చునని, అంగుళము వేయుమని యజమానులే కోరుచుందురు. ప్లంబరుకు సరకు ఎక్కువ పోవును గనుక వాడు కాదనడు. కాని వేడినీళ్ళ గొట్టములో రాత్రియంతయు నిలిచిన నీరు చల్లబడి, ఉదయము కొళాయి త్రిప్పినపుడు అది అంతయు పోయిన తరువాతనే వేడినీరు వచ్చును. అంగుళపు సీపీవీసీ గొట్టములో అరువది అడుగులకు సుమారు ఏడున్నర లీటర్లు నిలుచును, ముప్పావు అంగుళములో నాలుగున్నర, అర అంగుళములో రెండు లీటర్లకు కొంచెము పైన. అర అంగుళము మరీ సన్నమై, మేడమీది తొట్టి నుండి దిగు నీటికి ఒత్తిడి చాలక, బకెటు నిండుట ఆలస్యమగును. కనుక నడుమ ముప్పావు అంగుళము దింపి, గదిలోని కొళాయిలకు అర అంగుళము చీల్చుట మంచిది. అంతకంటె మేలైన ఉపాయము హీటరును స్నానపు గదికి సరిగా పైన పెట్టించుట. అరువది అడుగులు ముప్పది అడుగులైన గొట్టము ఖర్చు, తొడుగు ఖర్చు, ప్రతిదినపు నీటి నష్టము మూడును సగమగును. ఈ సంగతి తానుగా చెప్పు ప్లంబరు దొరికిన వానిని వదలుకొనవద్దని మా సలహా.

హీటరు విషయములో "నూరు లీటర్లు" అన్న మాట ఒక్కటి చాలదు. అది తొట్టి కొలత మాత్రమే. ఎండను పట్టు భాగము ఎంతో కూడ తెలియవలెను. రాగి పలకల రకమైనచో నూరు లీటర్లకు రెండు చదరపు మీటర్ల పలక వాడుక. గాజు నాళికల రకమైనచో నాళికలు ఎన్ని, ఒక్కొక్కటి ఎంత లావు, ఎంత పొడవు అన్నది వ్రాయించుకొనవలెను. 47 మిల్లీమీటర్ల లావు, ఒకటిన్నర మీటరు పొడవు నాళికలు పదింటి కంటె, 58 మిల్లీమీటర్ల లావు, మీటరు ఎనభై సెంటీమీటర్ల పొడవు నాళికలు పది ఎండను దాదాపు ఒకటిన్నర రెట్లు పట్టును. "పది ట్యూబుల సెట్టు" అని ఇద్దరు వ్రాసినను ఒకే సరకు కాదు.

బోరునీళ్ళు ఉప్పగా ఉండు ఊళ్ళలో ఇంకొక జాగ్రత్త. రాగి పలకలలోని సన్నని గొట్టములు సున్నపు పొరతో మూసికొనిపోవును. అట్టి నీటికి గాజు నాళికలు కొంత నయము, విప్పి కడుగవచ్చును. లేదా లోపలి నీరు వేరు, వాడు నీరు వేరుగా ఉండు రకము కొనవలెను, దాని ధర ఎక్కువ. మీ నీటిని చూడకయే, అడుగకయే అంచనా వ్రాసినవాడు తొందరపడినాడని అర్థము.

అంచనాలో కనబడక, పని నడుమ "ఇది కూడ కావలెనండీ" అని బయటికి వచ్చునవి మరి మూడు. మొదటిది చన్నీళ్ళ తొట్టి ఎత్తు. మామూలు సోలారు హీటరులోనికి నీరు తన బరువుచేతనే దిగవలెను గనుక, చన్నీళ్ళ తొట్టి అడుగుభాగము హీటరు తొట్టి పైభాగము కంటె ఎత్తున ఉండవలెను. మీ తొట్టి మేడ నేలమీదనే కూర్చుండి యున్నచో దానికి అయిదు నుండి ఏడు అడుగుల దిమ్మె కట్టవలెను, ఆ ఖర్చు చిన్నది కాదు. రెండవది గాలి గొట్టము. హీటరు తొట్టి నుండి బయలుదేరి చన్నీళ్ళ తొట్టి నీటిమట్టము కంటె పైకి పోవలెను. అది లేనిచో ఆవిరికి దారి ఉండదు. మూడవది ఒత్తిడి పంపు. ఇంటి చన్నీళ్ళకు పంపు బిగించి, వేడినీళ్ళను పంపు లేక దింపినచో, రెండును కలియు కొళాయిలో బలముగల చన్నీరు వేడినీళ్ళ గొట్టములోనికి ఎదురెక్కును. హీటరు పనిచేయుట లేదని మనము అనుకొందుము. వేడినీళ్ళకు కూడ పంపు పెట్టుదమన్న, మామూలు తొట్టి ఆ ఒత్తిడికి నిలువదు. ఇంట్లో పంపు ఉన్నవారు ఆ మాట ముందే చెప్పి, ఏ వాల్వు ఎక్కడ పెట్టుదురో అంచనాలోనే వ్రాయించుకొనవలెను.

పలక వాలు గురించి కూడ ఒక మాట అడుగవచ్చును. అది దక్షిణమునకు తిరిగి, ఆ ఊరి అక్షాంశమునకు పది పదిహేను డిగ్రీలు కలిపినంత వాలుగా ఉండిన, చలికాలపు ఎండ బాగుగా పట్టును. బెంగుళూరు సుమారు 13 డిగ్రీలు, సోలాపురం పదిహేడున్నర, బరంపురం 19. స్టాండు అన్ని ఊళ్ళకు ఒకటే పంపు కంపెనీలు ఉన్నవి గనుక అడుగుటలో తప్పులేదు. నాలుగైదు డిగ్రీల తేడాకు మాత్రము పోట్లాడవద్దు. కొబ్బరిచెట్టు నీడ దానికంటె ఎక్కువ చెరుపు.

కూలి సంగతి

సరకు ధర ఎవరైనను విచారించి తెలిసికొనవచ్చును. మనవారు ఎక్కువగా పట్టుపట్టి తగ్గించునది కూలి. ఇద్దరికి మూడు దినములకు ఆరువేలా, గొట్టము కోసి జిగురు పూసి అతికించుటకేనా, అందురు. కాని పై లెక్కలో దినమునకు ఇద్దరికి కలిపి రెండువేలు. మీ ఊరిలో తాపీమేస్త్రీకి, చేతిక్రింది మనిషికి కలిపి దినమున కేమి ఇచ్చుచున్నారో దానితో సరిచూచుకొనుడు. దానికి కొంచెము ఎక్కువైనను వింతలేదు. పనిముట్లు వానివి, దుకాణమునకు రెండుసార్లు తిరుగుట వానిది, నెల తరువాత ఒక అతుకు కారినచో పని మానుకొని వచ్చి కూలి లేక బాగుచేయుట కూడ వానిదే.

మన చీర లెక్కలో ఇంటి ఆడవారు కండెలు చుట్టిన కూలి ఎవరు వేయుచున్నారు? పడుగు సాగదీసి గంజి పెట్టిన తెల్లవారుజాములు, అచ్చు అతికిన దినము, ఇవి ధరలోనికి రాలేదనియే కదా ఇన్ని సంఘములు పెట్టుకొని ఇన్ని ఏండ్లుగా మొరపెట్టుకొనుచున్నాము. కంటికి కనబడని పనికి కూలి లేదనువాడు మనలోనే ఉండకూడదు.

ఇట్లన్నందున అడిగినదంతయు ఇయ్యుడని మా భావము కాదు. దినములు ఎన్ని వేసినాడో చూడుడు. గోడ తొలువక బయటినుండియే గొట్టము దింపు పనికి, ఒకే గదికి, మూడు దినములు వేసిన అది ఎక్కువ. ఒకటిన్నర దినము చాలును. పాత ఇటుక గోడలు, పలకలు అంటించిన గదులు, రెండు అంతస్తులు ఉన్నచో మూడు దినములు ఎక్కువ కాదు. దినకూలికి ఒప్పుకొన్న పని సాగుననియు, గుత్తకు ఒప్పుకొన్న పని తొందరలో చెడుననియు పెద్దలు చెప్పునది రెండును నిజమే. ఈ పని ఆది అంతములు తెలిసినది గనుక గుత్తయే మేలని మేము తలచుచున్నాము. గోడలో ఏమున్నదో తెలియని పాత గొట్టముల మరమ్మతుకు మాత్రము దినకూలియే ఇరువురికి న్యాయము.

సరకు ఎవరు కొనవలెను? దుకాణదారు ప్లంబరుకు కొంత కమీషను ఇచ్చుట లోకవిదితము. అది తప్పించుటకు మనమే కొని తెచ్చుదుమని కొందరు బయలుదేరుదురు. నూలిచ్చి కూలికి నేయించుకొను పద్ధతి మనకు తెలిసినదే. నూలు చెడ్డదై పోగు తెగినపుడు నేతగాడిని నిందింప వీలులేదు. అట్లే గొట్టము మనది, అతుకు వానిది అయినపుడు, కారిన నీటికి ఎవరు పూచీ అన్నది తేలదు. సరకు వానినే తెమ్మని, దుకాణపు బిల్లులు చూపుమని, తెచ్చి పెట్టినందుకు బిల్లు మీద నూటికి ఇంత అని బయటపడి ఒప్పుకొనుట మంచిది. దాచిన కమీషను కంటె చెప్పి తీసికొన్నది తక్కువగానే ఉండును. హీటరును మాత్రము మీ పేర బిల్లుతో మీరే కొనుడు, గారంటీ కార్డు మీ పేరనే ఉండును.

పన్ను గురించి రెండు మాటలు. సోలారు వాటరు హీటరు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 న 12 శాతము నుండి 5 శాతమునకు తగ్గినది. పాత అచ్చు కాగితము మీద అంచనా వ్రాయు దుకాణములు ఉండవచ్చును, చూచుకొనవలెను. ఏడాదికి ఇరువది లక్షల లోపు పనిచేయు చిన్న ప్లంబరు జీఎస్టీలో చేరనక్కరలేదు; చేరనివాడు పన్ను పేర డబ్బు అడుగ వీలులేదు. అంచనాలో పన్ను ఉన్నచో జీఎస్టీ నంబరు కూడ ఉండవలెను.

డబ్బు ఇచ్చు క్రమము

అంతయు ముందిచ్చినచో పని చివరి దినము ఎప్పుడు వచ్చునో చెప్పలేము. ఏమియు ఇయ్యనిచో చిన్న ప్లంబరు సరకు ఎక్కడినుండి తెచ్చును? గొట్టములు, వాల్వుల వెల మొదట ఇచ్చి, గొట్టము వేయుట అయిన తరువాత కూలిలో సగము, మిగిలినది పరీక్ష అయిన పిదప ఇచ్చుట వాడుక. ఈ మూడు వాయిదాలు అంచనా క్రిందనే వ్రాసి ఇద్దరును సంతకము చేయుడు. నడుమ క్రొత్త పని తగిలిన దాని వెల చేయుటకు ముందే చెప్పవలెనని ఒక పంక్తి చేర్చుడు.

పరీక్ష రెండు విధములు. అతుకులు ఆరిన తరువాత, గోడ పూయుటకు ముందు, కొళాయిలన్నియు మూసి గొట్టము నిండ నీరు నింపి ఒక రాత్రి ఉంచవలెను. తెల్లవారి ప్రతి అతుకును పొడిగుడ్డతో తుడిచి చూచిన చెమ్మ ఉన్నదీ లేనిదీ తెలిసిపోవును. పూత అయిన తరువాత ఈ పరీక్ష చేయుట వ్యర్థము. తొందరపడి పూసివేయుదమను మేస్త్రీని ఆపవలసినది ఇచ్చటనే. రెండవది వేడి పరీక్ష. మబ్బులేని ఒక దినము ఎవరును నీరు వాడక, సాయంకాలము హీటరు దగ్గర, మరునాటి ఉదయము స్నానపు గది కొళాయి దగ్గర థర్మామీటరుతో చూడవలెను. అద్దకము పెట్టువారి ఇండ్లలో థర్మామీటరు ఉండనే ఉండును. సాయంకాలము తొట్టిలో మంచి వేడి ఉండి ఉదయము తొట్టిలోనే బాగుగా తగ్గియున్నచో తప్పు తొట్టిది, కంపెనీని అడుగవలెను. తొట్టిలో వేడి నిలిచి, గొట్టములో నిలిచిన చల్లనీరు పోయిన తరువాత కూడ కొళాయి దగ్గర గోరువెచ్చగానే వచ్చుచున్నచో తప్పు తొడుగులోనో, ఎదురెక్కు చన్నీళ్ళలోనో ఉన్నది. అది ప్లంబరు సరిచేయవలసినది. ఎవరి తప్పు ఎవరిదో తెలిసిన తరువాత మాట పెరుగదు.

ఈ రెండు పరీక్షలు నెగ్గిన నాడే మిగిలిన డబ్బు బేరమాడక చేతిలో పెట్టుడు. అంచనా కాగితము, దుకాణపు బిల్లులు, గారంటీ కార్డు ఒకే సంచిలో ఉంచుడు. వానితోపాటు, గోడ పూయుటకు ముందు గొట్టము ఏ దారిని పోయినదో ఫోను మీద తీసిన ఫొటో అచ్చువేయించి పెట్టుడు. తరువాత మేకు కొట్టువానికి అది పనికివచ్చును. ఉప్పునీటి ఊళ్ళవారు తొట్టిలోని మెగ్నీషియం కడ్డీ ఎప్పుడు మార్చవలెనో ప్లంబరునే అడిగి, ఆ నెల పేరు ఆ సంచి మీదనే వ్రాసియుంచుడు.